టికెట్టు కొంటేనే స్టేషను నిలుస్తుంది

కిందటి నెలలో మన సంఘం నుంచి ఏడుగురం రెండు రోజుల పాటు ఒక చిన్న యాత్ర చేశాం. ధర్నాకు కాదు, మహాసభకూ కాదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య ఉన్న చిన్న రైల్వే స్టేషన్లలో దిగి, కాసేపు కూర్చుని, చుట్టుపక్కల ఊళ్ల రైతులతో మాట్లాడి వచ్చాం. గుడిబండకు రైలు స్టేషను లేదు. అందుకే మా ప్రయాణం ఎప్పటిలాగే బస్సులో మొదలైంది. ముందు మడకశిర, అక్కడి నుంచి హిందూపురం, ఆ తర్వాతే రైలు.

బయలుదేరే ముందు ఒక సభ్యుడు నవ్వి, "ఎవరూ ఎక్కని, ఎవరూ దిగని స్టేషన్లలో ఏముందని చూసేదానికి? శెనిక్కాయ ధర గురించి రాయండన్నా" అన్నాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఈ నెల సంపాదకీయం ఆయనకు మేము ఇస్తున్న జవాబు.

హిందూపురం దాటాక మలుగూరు, చాకర్లపల్లి, ఆ పైన పెనుకొండ. పుట్టపర్తి వైపు మక్కాజిపల్లి, కొత్తచెరువు. హిందూపురానికి ఇటు పక్క దేవరపల్లి, సరిహద్దు దాటితే విదురాశ్వత్థం. ఎక్స్‌ప్రెస్‌లో పోయేవాళ్లకు ఇవి కిటికీలో క్షణం కనబడి మాయమయ్యే పసుపు బోర్డులు. ఏ స్టేషనులో ఏం చూశామో పేరు పెట్టి రాయడం లేదు. అక్కడ పనిచేసే చిన్న ఉద్యోగి మీదికి మాట రావడం మాకు ఇష్టం లేదు. లోపం ఆయనది కాదు.

ఒక చోట మాతో పాటు రైలు దిగింది ఒక్క ముసలాయన. చంకలో సంచి, చేతిలో ఆసుపత్రి కాగితాలు. రైలు వెళ్లిపోయాక ప్లాట్‌ఫారం మీద మేము, ఆయన, కానుగ చెట్టు నీడలో మేకలు కాసే ఒక పిల్లవాడు, అంతే. కుళాయి తిప్పితే నీళ్లు రాలేదు. ఊరు అక్కడికి రెండు కిలోమీటర్లు. మధ్యలో మట్టి దారి. ఆటో రాదు, బస్సు రాదు. "రైలు మాత్రం నన్ను దించి పోతాది. ఆ తర్వాత నా కాళ్లే" అన్నాడాయన.

ఇంకో చోట పూల తోట వేసిన ఒక అక్క కలిసింది. పొద్దున ప్యాసింజరులో పూల గంప ఎక్కించుకుని హిందూపురం మార్కెట్టుకు పోయేదట. రైలు వేళ మారింది. ఇప్పుడు అది వచ్చేసరికి మార్కెట్టు వేలం అయిపోతుంది. నలుగురు కలిసి ఆటో మాట్లాడుకుంటున్నారు. "రైలుకు పది రూపాయలు. ఆటోకు పోను రాను ఎనబై. రేటు పడిన రోజు పూలు ఆటోవాడికే" అంది. రైలు ఇప్పటికీ ఆ స్టేషనులో ఆగుతుంది. కానీ ఆమెకు పనికొచ్చే వేళకు ఆగదు. రేపు ఎవరైనా లెక్క తీస్తే ఆ స్టేషనులో ఎక్కేవాళ్లు లేరనే రాసుకుంటారు.

మేము చూసి వచ్చిన అసలు సంగతి ఇదే. చిన్న స్టేషను అక్కర లేక ఖాళీ అవడం లేదు. అక్కరకు రాకుండా చేసినందువల్ల ఖాళీ అవుతోంది. ఖాళీ అయిందన్నదే తర్వాత దాన్ని ఎత్తేయడానికి కారణమవుతుంది.

ఈ పట్టాలు ఎందుకు పడ్డాయో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1876–78 ధాత కరువులో మన సీమ ఎముకల గూడైంది. కరువు ప్రాంతాలకు గింజలు చేరాలంటే రైలు మార్గాలు కావాలని 1880 నాటి కరువు కమిషన్ గట్టిగా చెప్పింది. కరువు నేలల్లో మార్గాలు వేయడం ముఖ్యమైన పనిగా సదరన్ మరాఠా రైల్వే 1882లో ఏర్పడింది. బళ్లారి నుంచి విడిపోయి అనంతపురం జిల్లా ఏర్పడిందీ ఆ ఏడే. 1890ల మొదట్లో గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా మైసూరు సరిహద్దు వైపు మీటర్‌గేజి రైలు నడిచింది. కరువులో గింజలు తెస్తుందని చెప్పి వేసిన రైలు పంట కాలంలో గింజలు పట్టుకుపోయిందనేదీ నిజమే. దొరలు మన మీద దయతలిచారని మేము అనడం లేదు. కానీ ఈ మార్గానికి పునాది ఈ నేల ఆకలే.

అప్పట్లో కొన్ని మైళ్లకొక స్టేషను ఎందుకు కట్టారు? అది మన కోసమే కాదు. ఒంటి లైను మీద ఎదురెదురు రైళ్లు తప్పుకోవాలంటే మధ్యలో స్టేషను ఉండాలి. ఆవిరి ఇంజనుకు నీళ్లు పట్టాలి. అంటే ఆ స్టేషను రైల్వేకు కూడా అవసరం. ఆ అవసరాన్ని ఆసరా చేసుకుని చుట్టుపక్కల పల్లెలు సంతకూ కోర్టుకూ ఆసుపత్రికీ దారి చేసుకున్నాయి. తర్వాత బ్రాడ్‌గేజి వచ్చింది, కరెంటు ఇంజన్లు వచ్చాయి, రెండో లైను వచ్చింది. రైళ్లు తప్పుకోవడానికి ఆగే పని తగ్గింది. ఒక్కో సౌకర్యం పెరిగే కొద్దీ రైల్వేకు చిన్న స్టేషనుతో ఉన్న అవసరం తీరిపోతూ వచ్చింది. ఇప్పుడు మిగిలింది మన అవసరం ఒక్కటే. రెండు పక్షాలకూ కావలసినప్పుడు దాన్ని ఎవరూ కదిలించలేదు. ఒక్క పక్షానికే కావలసి వచ్చినప్పుడు ఆ పక్షం నోరు తెరవక తప్పదు.

దీనికి తోడు 2020 దెబ్బ. ఆ ఏడు మార్చిలో కరోనా వల్ల ప్యాసింజర్ రైళ్లన్నీ ఆగిపోయాయి. తిరిగి మొదలైనప్పుడు చాలా రైళ్లు నంబరు ముందు సున్నా పెట్టుకుని ప్రత్యేక రైళ్లుగా వచ్చాయి. పది రూపాయల కనీస చార్జీ ముప్పై అయింది. కొత్త కాలపట్టికల్లో దేశమంతటా చాలా చిన్న స్టేషన్లలో స్టాపులు పోయాయి. పాత చార్జీ మళ్లీ వచ్చింది 2024 ఫిబ్రవరి చివరిలో. ఆ నాలుగేళ్లలో పల్లె మనిషి రైలు అలవాటు మర్చిపోయాడు. షేర్ ఆటోకూ మోటారు సైకిలుకూ మళ్లాడు. చార్జీ తగ్గించినంత సులువుగా అలవాటు తిరిగి రాదు.

2017 చివరి నుంచి రైల్వే తన స్టేషన్లను ప్రయాణికుల సంఖ్య, ఆదాయం చూసి వర్గాలుగా పంచింది. హాల్టులకు హెచ్‌జి వర్గం. అందులో అట్టడుగున హెచ్‌జి-3. కుళాయి, నీడ, దీపం, బెంచీ ఎన్ని ఉండాలో ఈ వర్గాన్ని బట్టే తేలుతుంది. చాలా హాల్టుల్లో రైల్వే ఉద్యోగి కూడా ఉండడు. కమీషను మీద టికెట్లు అమ్మే స్థానిక ఏజెంటు ఉంటాడు. టికెట్లు తక్కువ అమ్ముడైతే ఆయనకూ కూలి గిట్టదు. మరోవైపు అమృత్ భారత్ పథకం కింద 2023 ఆగస్టు 6న ఒకే రోజు 508 స్టేషన్ల పనులకు శంకుస్థాపన జరిగింది. పెద్ద స్టేషన్లు బాగుపడితే మాకు సంతోషమే. కానీ కొమ్మలకు రంగు వేసి వేళ్లకు నీళ్లు మానేస్తే చెట్టు నిలవదని రైతుకు ఎవరూ చెప్పనక్కర లేదు.

ఇంగ్లండులో ఒక మంచి పద్ధతి ఉంది. ఏ స్టేషనులో ఏడాదికి ఎంతమంది ఎక్కి దిగారో అక్కడి రైల్వే నియంత్రణ సంస్థ ప్రతి ఏడూ ప్రకటిస్తుంది. కేంబ్రిడ్జి ప్రాంతంలో పొలాల మధ్య షిప్పియా హిల్ అనే స్టేషను ఉంది. 2015–16లో అక్కడి లెక్క 12. ఏడాది మొత్తానికి పన్నెండు. ఆ సంగతి పేపర్లకెక్కింది. అంత ఖాళీ స్టేషను ఎలా ఉంటుందో చూద్దామని జనం రావడం మొదలైంది. మరుసటి ఏడు లెక్క 156కు పెరిగింది. చూడడానికి వచ్చేవాళ్లతో స్టేషను బతుకుతుందని మేము చెప్పడం లేదు. లెక్క బయట పెడితే దాని మీద మాట్లాడే వీలు జనానికి దొరుకుతుందన్నదే ఇక్కడ ముఖ్యం. మన చాకర్లపల్లిలో, మలుగూరులో కిందటి ఏడు ఎన్ని టికెట్లు అమ్ముడయ్యాయో ఊళ్లో ఎవరిని అడిగినా తెలియదు. లెక్క ఒకరి చేతిలో, తీర్పు కూడా వాళ్ల చేతిలోనే ఉంటే వాదించే చోటు మనకు ఎక్కడ?

మన తెలుగు నేల మీదే దగ్గరి పాఠం ఒకటి ఉంది. వరంగల్ జిల్లా నెక్కొండలో పద్మావతి ఎక్స్‌ప్రెస్ ఆగడం మీద పేచీ వచ్చింది. మూడు నెలల్లో మూడు లక్షల రూపాయల ఆదాయం వస్తేనే స్టాపు ఉంచుతామని రైల్వే షరతు పెట్టింది. ఊరివాళ్లు వందల మంది ఒక జట్టుగా ఏర్పడి, వాట్సాప్‌లో చెప్పుకుని, చందాలు వేసుకుని, ప్రయాణం ఉన్నా లేకపోయినా రోజూ టికెట్లు కొన్నారు. 2024 మొదట్లో ఈ వార్త అన్ని పత్రికల్లో వచ్చింది. రాజస్థాన్‌లో సీకర్ దగ్గర రషీద్‌పురా ఖోరీ స్టేషనును 2005లో ఆదాయం లేదని మూసేస్తే, అక్కడి పల్లెలు కూడా టికెట్లు కొని చూపించే దాన్ని తిరిగి తెరిపించుకున్నాయి.

నెక్కొండవాళ్ల పట్టుదలకు దండం పెడతాం. కానీ పౌరుడు పోని ప్రయాణానికి డబ్బు కట్టి తన స్టేషనును కాపాడుకోవలసి రావడం సిగ్గుపడవలసిన సంగతి. సిగ్గుపడవలసింది ఆ ఊరు కాదు.

"ఇదంతా ప్రయాణాల గొడవ, పంటకు ఏమిటి సంబంధం?" అనే సభ్యుడికి ఇంకో పేరు గుర్తు చేస్తాం, ప్రసన్నాయపల్లి. అనంతపురం పక్కన ఉన్న ఆ స్టేషనులో టికెట్టు కొని రైలెక్కిన వాళ్లు మనలో ఎంతమందో! కానీ జిల్లాకు యూరియా వ్యాగన్లు వచ్చి దిగేది అక్కడ. ఒక పూర్తి రేకులో సుమారు 2,600 టన్నులు వస్తుంది. 45 కిలోల బస్తాలుగా లెక్కేస్తే 57 వేల పైచిలుకు. ఖరీఫ్‌లో మనం సొసైటీ ముందు ఆధార్ కార్డు పట్టుకుని క్యూలో నిలబడినప్పుడు, ఆ క్యూ తల ఎక్కడో ఒక చిన్న స్టేషను గూడ్సు షెడ్డులో ఉంటుంది. జనం ఎక్కని స్టేషనంటే పనికిరాని స్టేషనని అర్థం కాదు.

ఒకప్పుడు చిన్న స్టేషనులో కూడా ఒకటి రెండు వ్యాగన్ల సరుకు ఎక్కించే వీలుండేది. రైల్వే పూర్తి రేకుల పద్ధతికి మారాక ఆ వీలు పోయింది. రెండు వేల టన్నులు ఒకేసారి ఎక్కించేవాడు కంపెనీవాడు. మన చింతపండు, బెల్లం, వక్క, కూరగాయలు, పట్టుగూళ్లు బస్తాల్లో, గంపల్లో ఉంటాయి. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి అరటి శీతల కంటెయినర్లలో ముంబై రేవుకు వెళ్లింది. అదే ఏడు సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శ్‌నగర్‌కు కిసాన్ రైలు బయలుదేరింది. పండ్లకు, కూరగాయలకు రవాణాలో సగం రాయితీ ఇచ్చారు. రైలు తలుచుకుంటే రైతుకు ఏం చేయగలదో ఆ రెండూ చూపించాయి. అయితే రైలుకు సరిపడా సరుకు కూడగట్టగలిగిన పెద్ద తోటల ప్రాంతాలకే అవి అందాయి. రాయితీ ఉన్నన్నాళ్లు వినిపించిన కిసాన్ రైలు పేరు ఇప్పుడు మన చెవిన పడడం లేదు.

ఇక మన గడప దగ్గరి సంగతి. రాయదుర్గం–తుమకూరు కొత్త మార్గం 207 కిలోమీటర్లు. కళ్యాణదుర్గం, పావగడ, మడకశిర, మధుగిరి మీదుగా పోతుంది. 2007–08లో మంజూరైంది. రాయదుర్గం నుంచి కళ్యాణదుర్గం, అక్కడి నుంచి కదిరిదేవరపల్లి దాకా పట్టాలు పడ్డాయి. తిరుపతి ప్యాసింజరు అక్కడిదాకా వచ్చి తిరిగి పోతుంది. మా యాత్రలో చివరి మజిలీ కదిరిదేవరపల్లే. కొత్త కట్టడం, పొడుగాటి ప్లాట్‌ఫారం, చుట్టూ బీడు, శెనిక్కాయ చేలు. రైలు లేని వేళల్లో గాలి తప్ప మరో చప్పుడు లేదు. ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడినప్పుడు మాకు మడకశిర గుర్తొచ్చింది. రేపు మన వైపు లైను పూర్తయ్యాక మనకు దక్కేది కూడా ఇదేనా? రోజుకొక రైలు, మిగతా వేళ గాలి?

ఈ మార్గానికి భూమి ఇచ్చింది రైతులు. పట్టా పడిన చోట చేను రెండు ముక్కలైంది. అవతలి ముక్కకు ఎద్దుల బండి పోవాలంటే చుట్టు తిరగాలి. వాన నీళ్లు కట్టకు అడ్డం పడతాయి. ఇన్ని కష్టాలు ఓర్చి ఇచ్చిన భూమి మీద నడిచే రైలు మన దగ్గర ఆగకపోతే మనకు మిగిలేది కూత ఒక్కటే. లైను పూర్తయ్యాక స్టాపు అడిగితే ఆదాయం చూపించమంటారు. అడగవలసింది ఇప్పుడే, పని జరుగుతుండగానే.

రైల్వే వాదనలోనూ న్యాయం ఉంది. దాన్ని దాటవేయకూడదు. బండి ఆగి మళ్లీ వేగం అందుకోవడానికి కాలమూ కరెంటూ ఖర్చవుతాయి. వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్‌లు ఆగాలి. ముగ్గురి కోసం వెయ్యి మందిని ఆపాలా అని అడిగితే జవాబు చెప్పాలి. మా జవాబు ఇది. ప్రతి రైలూ ప్రతి చోటా ఆగాలని మేము కోరడం లేదు. బెంగళూరు–ధర్మవరం మెము వంటి బండ్లు ఆగడానికే ఉన్నాయి. వాటి వేళలు సంతకూ బడికీ ఆసుపత్రికీ కుదిరేలా ఉంటే చాలు. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి పుట్టపర్తి కేంద్రమైంది. సోమవారం కలెక్టరేటులో అర్జీ ఇవ్వాలంటే గుడిబండ రైతుకు ఒక రోజు కూలీ, బస్సు చార్జీలూ పోతాయి. హిందూపురం నుంచి ప్రశాంతి నిలయం స్టేషనుకు పొద్దున ఒక బండి, సాయంత్రం ఒక బండి సరైన వేళకు ఉండి, రెండు కొసలా బస్సు కలిస్తే ఆ భారం సగమవుతుంది. దీనికి కొత్త రైలు అక్కర లేదు, రెండు శాఖలు కూర్చుని గడియారాలు కలుపుకుంటే చాలు.

మన తప్పు కూడా ఒప్పుకోవాలి. తిరుగు ప్రయాణంలో మా పెట్టెలో ఎక్కిన వాళ్లను అడిగాం. సగం మంది దగ్గర టికెట్టు లేదు. "రెండు స్టేషన్లకు టికెట్టేంటి?" అన్నారు. వాళ్లలో మన సభ్యుడూ ఒకడున్నాడు. పేరు రాయం, ఆయనకు తెలుసు. టికెట్టు కొనని మనిషి రైలులో ఉంటాడు గానీ లెక్కలో ఉండడు. పది రూపాయలు మిగిలాయనుకుంటాడు. తన ఊరి స్టేషనుకు వ్యతిరేకంగా తానే ఓటు వేసి వచ్చాడని తెలుసుకోడు. నెక్కొండవాళ్లు పోని ప్రయాణానికి టికెట్టు కొన్నారు. మనం పోయిన ప్రయాణానికైనా కొనాలి కదా!

మా యాత్రలో విదురాశ్వత్థం దగ్గరా దిగాం. 1938 ఏప్రిల్ 25న అక్కడ జెండా ఎగరేయడానికి కూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. చుట్టుపక్కల పల్లెల మనుషులు ప్రాణాలిచ్చారు. టికెట్ల అమ్మకంతో కొలిస్తే అది చిన్న చోటు. అక్కడి స్మారకం ముందు నిలబడితే అలా అనిపించదు.

రైల్వే అధికారుల ముందు, ప్రజాప్రతినిధుల ముందు సంఘం పెట్టబోయే కోరికలు ఇవి.

1. ప్రతి చిన్న స్టేషనులో ఏటా అమ్ముడైన టికెట్ల లెక్కను ఆ స్టేషను గోడ మీదే తెలుగులో, కన్నడంలో రాయాలి. స్టాపు తీసేసే ముందు పంచాయతీకి తెలిపి, గ్రామసభలో అభిప్రాయం తీసుకోవాలి.

2. పొద్దున, సాయంత్రం ఒక్కో బండి వేళను మార్కెట్టు వేళలకు, సోమవారం అర్జీల వేళకు కుదర్చాలి.

3. చిన్న రైతు గంపలు, బస్తాలు ఎక్కించుకోవడానికి ప్యాసింజరు బండ్లలో చోటు, అందుకు సరిపడా ఆగే సమయం కొన్ని ఎంపిక చేసిన స్టేషన్లలోనైనా ఇవ్వాలి.

4. మడకశిర స్టేషను కట్టేటప్పుడే గూడ్సు షెడ్డుకు, ఎరువులు దించే చోటుకు స్థలం కేటాయించాలి. తెగిన పొలాలకు కింది దారులు, నీటి తూములు లైను తెరవకముందే పూర్తి చేయాలి.

5. స్టేషను నుంచి ఊరికి దారి వేసే బాధ్యత ఎవరిదో రైల్వే, పంచాయతీరాజ్ శాఖలు కూర్చుని తేల్చాలి. ఆ ముసలాయన కాగితాలు పట్టుకుని మట్టి దారిన నడవకూడదు.

సభ్యులకు మా మనవి ఒకటే. వచ్చే నెలలో ప్రతి గ్రామ శాఖ తమకు దగ్గరలోని చిన్న స్టేషనుకు ఒకసారి వెళ్లి రావాలి. టికెట్టు కొని వెళ్లాలి. ఏ వేళకు బండి వస్తోంది, ఎంతమంది దిగారు, నీళ్లున్నాయా, దీపం వెలుగుతోందా, దారి ఎలా ఉంది, ఒక పేజీలో రాసి కార్యాలయానికి పంపండి. ఆ పేజీలే మన అర్జీకి ఆధారాలు. వాళ్ల లెక్క వాళ్లు చెబితే మన లెక్క మనం చెబుదాం.

నవ్విన సభ్యుడు తన ఊరి పేజీ తానే రాసి తెస్తానన్నాడు. ఎదురుచూస్తున్నాం.